తలకిందులైన పలక

కోయంబత్తూరులో మా ల్యాబ్ నుంచి బాడీ కట్టడానికి ఒక్క రకం పలకే బస్సుల కంపెనీకి వెళుతుంది. అది నాదో, నా జూనియర్ నాచమ్మైదో ఆ ఉదయం తేలాలి.

నాది అరటి నార, గాజు నార కలిపి జిగురు పట్టించింది. అరటి నార మా నాన్న తోటలోదే, నేనే తీసి ఎండబెట్టాను. నాచమ్మైది ఒక వైపు కార్బన్ నార, ఇంకో వైపు గాజు నార. కార్బన్ వాళ్ల నాన్నగారు తెప్పించారు. ఆయన ప్రొఫెసర్. సందేహం వస్తే ఆమె ఇంటికి ఫోన్ చేస్తుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. నేనెవరికి చెయ్యను?

ముందు రోజు ఆయుధపూజ. టెక్నీషియన్ మారిముత్తు అన్న యంత్రంతో పాటు పలకలకీ గంధం, కుంకుమ పెట్టాడు. పొద్దున్నే వచ్చి అన్నీ అసిటోన్‌తో తుడిచేశాడు. బొట్లతో పాటు నాచమ్మై మార్కర్‌తో వేసుకున్న బాణం గుర్తులూ పోయాయి. పగుళ్లు కనపడాలని పలకలకి రెండు వైపులా తెల్లరంగు వేస్తాం, కాబట్టి ఏది పైముఖమో ఇక తెలీదు. నావి బ్లేడుతో గీసుకున్న గుర్తులు.

యంత్రం పైనుంచి వదిలే ఇనప గుండు దెబ్బకి నావి మూడూ ఆగాయి, గుంటలు పడ్డా.

"నీవి పెట్టేదా, పాపా?" అన్నాడు అన్న. నాచమ్మై ఫోన్ చూస్తూ తలూపింది. గుండు పలకలోంచి దూసుకుపోయింది.

"ఏమ్మా, అప్పడం గానీ తెచ్చావా?" అని నవ్వాడు అన్న.

నా కడుపు చల్లబడింది. దాచుకోవడం ఎందుకు.

రెండోది బిగిస్తుంటే గోడ దగ్గర్నుంచే దాని అంచు చూశాను. అక్కడ రంగు ఉండదు. కార్బన్ నల్లగీత కింద ఉంది, పైన ఉండాల్సింది. దెబ్బ తగిలితే సాగాల్సింది కింది వైపు. గాజు సాగుతుంది, కార్బన్ చిట్లుతుంది. నోరు మూసుకున్నాను. అదీ పోయింది. నాచమ్మై కళ్లనిండా నీళ్లు. ఏ పలక వెళ్లాలో తేల్చే సార్ నా ఫైలు తెరిచారు.

అప్పుడు తట్టింది. ఆమె అసలు పలకని నేను ఓడించలేదు. ఓడించగలనో లేదో ఎప్పటికీ తెలీదు. ఆ తెలియకపోవడం భరించలేకపోయాను.

"తిప్పి పెట్టన్నా. నల్లగీత పైకి రావాలి."

మూడోది నిలబడింది. సార్ ఇంకో రెండు తెప్పించి కొట్టించారు. అవీ నిలిచాయి, నావాటికంటే చిన్న గుంటలతో. సార్ నా ఫైలు మూశారు.

"అక్కా, అంత దూరం నుంచి ఎలా కనిపెట్టావు?" అంది నాచమ్మై.

"ఏడాదిగా నీ పలకలే కదా చూస్తున్నాను."

దాన్ని ప్రేమనుకుని నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని వెళ్లి, నా పలకల గుంటల లోతు మళ్లీ కొలిచాను. తగ్గలేదు.