పన్నెండు స్వెట్టర్లు, ఒకే చిల్లు

నేను ఒక పది నెంబరు ఊలు సూదిని. నేను అంటున్నాను గానీ నిజానికి మేమిద్దరం. ఊలు అల్లే సూది ఒంటరిగా పుట్టదు. నా జంటది నోరు విప్పని రకం, అందుకని దాని వంతు మాటలు కూడా నేనే మాట్లాడేస్తుంటాను. చదువు అడిగారంటే నాకు సున్నా. నా నెత్తిమీది బిళ్ళ మీద పది అని అంకె వేశారట, అదైనా ఎవరో చదవగా విన్నదే. కానీ నా మీంచి వెళ్ళిన వరుసల్లో ఒక్కటి మరిచిపోయానేమో అడగండి! మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పే ఓపిక ఉంది నాకు. నన్ను కూర్చోమంటే మాత్రం నా వల్ల కాదు.

పుట్టినప్పుడు నేను తీగని. అల్యూమినియం తీగ, ఇంత లావు చుట్ట. మిషను నన్ను సాగదీసింది, జానెడున్నర చొప్పున నరికింది, ఒక కొసని సానబట్టింది, ఇంకో కొసకి బిళ్ళ తొడిగింది. అక్కడి నుంచి విశాఖపట్నంలో గాజులూ రిబ్బన్లూ అమ్మే ఒక కొట్టు అద్దాల వెనక వేలాడాను. ఈ మనుషుల వింత చూడండి. చెమటకి జాకెట్లు తడిసిపోతుంటే విసనకర్రతో విసురుకుంటూ వచ్చి, ఊలు ఉండల్ని ముట్టుకుని, "ఎంత మెత్తగా ఉందో!" అని బుగ్గకి ఆనించుకుని వెళ్ళిపోయేవారు. కొన్నవాళ్ళు లేరు. వేలాడి వేలాడి నాకు ఒళ్ళంతా దురద పుట్టింది.

ఆఖరికి అన్నమ్మ అని ఒక మలయాళీ నర్సు కొంది. ఆవిడకి చింతపల్లి ఆసుపత్రిలో ఉద్యోగం. నర్సీపట్నం దాటి ఘాటు రోడ్డు ఎక్కామో లేదో గాలి మారిపోయింది. ఓహో, ఊలుకి పని ఉన్న చోటికే వచ్చానన్నమాట అనుకున్నాను. పుష్యమాసం వచ్చిందంటే అక్కడ మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ. పసిపిల్లల్ని పాత చీరల్లో చుట్టుకుని ఆసుపత్రికి తెచ్చేవారు. అన్నమ్మ డ్యూటీ దిగగానే నన్ను పట్టుకునేది. ఎన్ని టోపీలు, ఎన్ని మేజోళ్ళు!

ఆవిడ పక్కవాటాలో ఫారెస్టు గార్డు భార్య వరహాలమ్మ ఉండేది. బొబ్బిలి మనిషి. భర్త వారంలో నాలుగు రోజులు అడవిలోనే. ఈవిడకి పిల్లల్లేరు, కాలు ఒకచోట నిలవదు. కడిగిన గిన్నె మళ్ళీ కడిగేది, మడతపెట్టిన బట్ట విప్పి మళ్ళీ మడతపెట్టేది. అన్నమ్మ చూసి చూసి, "వరహాలూ, ఆ గిన్నె ఏం పాపం చేసింది? ఇది పట్టుకో," అని నన్ను ఆవిడ చేతిలో పెట్టింది. ఆ చేతుల్లోకి వెళ్ళాక తెలిసింది, నాలాంటి మనిషి కూడా ఒకరుంటారని. బదిలీ వచ్చి వెళ్ళిపోతూ అన్నమ్మ నన్నూ నా జంటనీ ఆవిడకే ఇచ్చేసింది.

ఆ తర్వాత మహిళా మండలి గదిలో ప్రతి బుధవారం వరహాలమ్మ ఊలు క్లాసు పెట్టింది. బుధవారమే ఎందుకంటే ఆ రోజు సంత, చుట్టుపక్కల గూడేల ఆడవాళ్ళు ఎలాగూ ఊళ్ళోకి వస్తారు. ఎదురుగా టీ హోటలు చిలకమ్మది. గ్లాసులు ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఖాళీ అయిన గ్లాసులు పట్టుకెళ్ళే వరకూ చూస్తూ ఉండేది.

"ఎన్నాళ్ళు నిలబడతావే? లోపలికి రా," అంది వరహాలమ్మ ఒకరోజు.

"నాకేటొచ్చు టీచరమ్మా? గరిటె తిప్పిన సెయ్యిది."

"గరిటె తిప్పిందయితే ఇదీ తిప్పుద్ది. కూకో."

మొదటిరోజు చిలకమ్మ నన్ను పట్టుకున్న పట్టుకి నేను వంగిపోతాననుకున్నాను. కుట్లు ఎంత బిగువంటే, వాటిలోంచి బయటికి రావడానికి నాకు ప్రాణం పోయినంత పనైంది. వరహాలమ్మ పక్కన కూర్చుని ఆ వేళ్ళు ఒక్కొక్కటీ వదులు చేసింది. "ఊలు పారిపోదే. నువ్వొదిలితేనే అది నీ మాటింటది." నాలుగో బుధవారానికి చిలకమ్మ మెడపట్టీ అల్లింది. అది మెడకి పట్టలేదు, దాంతో టీ కెటిల్‌కి తొడిగింది. గదిలో అందరూ పడీ పడీ నవ్వారు. పోస్టుమాస్టరుగారి భార్య విమల, "మీ కెటిల్ మా ఆయనకంటే షోగ్గా ఉందండీ," అంది. ఏడాది తిరిగేసరికి కొత్తవాళ్ళు తప్పు చేస్తే దిద్దేది చిలకమ్మే. బుధవారం సాయంత్రం అందరూ వెళ్ళాక వాళ్ళిద్దరూ ఆ హోటలు బల్ల మీద కూర్చుని, ఒక చేత్తో టీ, ఒక చేత్తో ఊలు, లోకంలోని కబుర్లన్నీ కలిపి అల్లేసేవారు.

అలా ఏళ్ళు గడిచాయి. ముందుగా పసిగట్టింది నేనే. ఇన్నాళ్ళూ వరహాలమ్మ నా వంక చూసేదే కాదు, చేతులు వాటంతట అవే నడిచేవి. అలాంటిది నన్ను ముక్కు దాకా తెచ్చుకుని చూడటం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి ఆ చూడటమూ మానేసి, బొటనవేలితో కుట్లు తడుముకోసాగింది. ఆకుపచ్చ ఉండ ఇమ్మంటే నీలం ఇచ్చేది. కళ్ళు మసకబారుతున్నాయి. ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. తెలిసినా పైకి అనదు. అంటే క్లాసు పోతుంది. క్లాసు పోతే ఆవిడకి వారంలో మిగిలేదేమిటి, మళ్ళీ ఆ గిన్నెలేగా! ఆ భయం ఆ వేళ్ళలోంచి నాలోకి పాకేది. కుట్టు కుట్టుకీ ఉలిక్కిపడేదాన్ని.

ఆ ఏడు చలి ముదిరింది. ఆసుపత్రిలో పుట్టే పిల్లల కోసం స్వెట్టర్లు అల్లి ఇద్దామంది వరహాలమ్మ. నమూనాగా ఒకటి తను అల్లింది. అది చూసి క్లాసులోని పదకొండు మందీ తలొకటి అల్లాలి. నమూనా ఛాతీ దగ్గరికి వచ్చేసరికి ఊలు ఒక చుట్టు అదనంగా నా మీదికి ఎక్కింది. ఆవిడ చూడలేదు. ఆ పక్కనే రెండు కుట్లు కలిపి ఒకటిగా తీసేసింది. ఒకటి పెరిగింది, ఒకటి తగ్గింది. వేలితో లెక్కపెట్టుకుంటే లెక్క సరిగ్గానే ఉంది! కానీ అక్కడ చిల్లు పడింది, శనగగింజ దూరేంత. అరవడానికి నాకు గొంతు లేదాయె. నా జంట సంగతి సరే సరి.

నమూనా చేతులు మారింది. విమల ఆ చిల్లులో వేలు పెట్టి, "ఇదేంటి చిలకమ్మగారూ?" అని మెల్లగా అడిగింది.

చిలకమ్మ తీసుకుని చూసింది. వరహాలమ్మ వంక చూసింది. ఆవిడ కిటికీ వైపు తిరిగి, ఎరుపు ఏదో గోధుమ ఏదో తేలక రెండు ఉండలు వెలుగులో పెట్టి చూసుకుంటోంది. చిలకమ్మ నమూనాని తిరిగి విమల చేతిలో పెట్టింది.

"డిజైనమ్మా. టీచరమ్మ కొత్తగా ఎట్టింది. ఊలు ఒకసారి ఇలగ చుట్టి, పక్కన రెండు కలిపి తీసేయండి. అందరూ ఎట్టాల. ఒక్కరు మానినా బాగోదు."

అందరూ పెట్టారు. శ్రద్ధగా, కొలిచి మరీ పెట్టారు. ఒక గూడెం మనిషి, "గుండెకి గాలి ఆడాల గదా," అని అర్థం కూడా చెప్పేసింది. ఈ మనుషుల వింతే అంత, ఒక చిల్లు ఇస్తే చాలు, దానికి కారణం వాళ్ళే అల్లుకుంటారు.

ఆసుపత్రిలో ఇచ్చే రోజు పన్నెండూ బల్ల మీద వరసగా పరిచారు. కొత్త నర్సమ్మ ఒకటి ఎత్తింది, రెండోది ఎత్తింది, నవ్వు ఆపుకోలేకపోయింది. "చలికి స్వెట్టర్లిస్తూ అన్నిటికీ గుండె మీద చిల్లేంటమ్మా?"

వరహాలమ్మ నవ్వుతూనే చేయి చాచింది. "చిల్లేటి?" ఒకదాని మీద బొటనవేలు నడిపింది. ఆగింది. ఇంకోటి తీసుకుంది. మరోటి. ఆఖర్న తన నమూనా తీసుకుంది. బొటనవేలు అందులో దిగింది.

"నమూనాలోనే ఉంది కదండీ. మీ డిజైనే కదా?" అంది విమల, పాపం, మంచిగానే.

"అవును," అంది వరహాలమ్మ. "డిజైనే." ఆ మాట నేను ఆవిడ చేతిసంచీలోంచి విన్నాను.

వాకిట్లోకి రాగానే చిలకమ్మని ఆపింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళ బట్టి?"

"వానాకాలం కాణ్ణుంచి. నువ్వు నీలాన్ని పచ్చ అన్నకాణ్ణుంచి."

"తెలిసీ పదకొండు మందిచేత ఎట్టించావా? విప్పీయ్ టీచరమ్మా అని ఒక్క మాట నోట్లోంచి రాలేదా నీకు?"

"నీ ఒక్కదానికే చిల్లుంటే నిన్ను ఏలెత్తి సూపుతారు. అందరికీ ఉంటే ఎవుల్ని సూపుతారు? అలగనుకున్నాను."

"నేను మీకు పాఠం చెప్తన్నాననుకున్నాను. మీరందరూ కలిసి నాకు జోల పాడతన్నారు," అంది వరహాలమ్మ. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. దారిలో రెండుచోట్ల రాయి తగిలి తూలింది. చిలకమ్మ వెనకాలే వచ్చింది గానీ చెయ్యి పట్టుకునే ధైర్యం లేకపోయింది.

నన్ను బిస్కెట్ల డబ్బాలో పడేసి మంచం కిందికి తోసేసింది. అయ్యో, ఆ రోజులు నన్ను అడగకండి! వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడేది, కడిగినవే కడగడం. నేను డబ్బాలో ఈ మూల నుంచి ఆ మూలకి దొర్లుతుంటే ఆవిడ పైన మంచం మీద ఆ పక్క నుంచి ఈ పక్కకి దొర్లేది. ఒక బుధవారం పోయింది. రెండో బుధవారం ఎవరో తలుపు తట్టారు, ఈవిడ తియ్యలేదు. మూడో బుధవారం తట్టిన చప్పుడు లేదు. అరుగు మీద ఎవరో చతికిలబడిన చప్పుడు, తర్వాత గొంతు.

"టీచరమ్మా, చేతికి కుట్లు ఎన్ని తగ్గించాల? ఐదా, ఆరా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"సరే, తొమ్మిది తగ్గించేత్తన్నాను."

"తొమ్మిదేటే!" తలుపు ధడేలున తెరుచుకుంది. "పిల్లకి చెయ్యి ఉండాలా వద్దా?"

"అమ్మయ్య, తిట్టీసింది," అంది చిలకమ్మ. లేచి నిలబడింది. "అబద్ధం ఆడినాను. ఒప్పుకుంటన్నాను. నీకు సిగ్గైపోద్దని ఆడినాను గానీ, నువ్వు ఇంట్లో కూకుండిపోతే నాకు బుధారం లేదు, నీకూ లేదు. రేపొద్దున్న బస్సుకి నర్సీపట్నం ఎల్దాం. కంటికి పొర అంట, కోసి తీసేత్తారట. నాను కూడా ఉంటాను."

"కోసినా రాకపోతే?"

"రాకపోతే రాకపోద్ది. అప్పుడు మాటాడుకుందాం. ఇప్పుడు గిన్నెలు కడుగుతా కూకుంటావేటి?"

వెళ్ళారు. ఒక కంటికి బాగానే చూపు వచ్చింది. ఎడం కన్ను మాత్రం ఆలస్యమైపోయిందన్నారు, అది తేరుకోలేదు. అంతా మునుపటిలా అయిపోయిందని మీకు అబద్ధం చెప్పను, అబద్ధంతో ఏమైందో చూశాం కదా.

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వరహాలమ్మ మళ్ళీ గదిలోకి వచ్చిన బుధవారం పదకొండు మందీ లేచి నిలబడ్డారు. ఆవిడ కూర్చోలేదు. గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. డబ్బా మూత తీసి నన్ను అందుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఇరవై కుట్లు ఎక్కించింది, ఒక వరుస, రెండు వరుసలు, మూడు. నేను ఎగిరి గంతేశాను గానీ ఆ సంబరం పూర్తిగా నిలవలేదు. ఎందుకంటే మూడో వరుసలో ఏం జరిగిందో నాకు తెలుసు.

ఆవిడ అల్లికని నాతో సహా చిలకమ్మ ముందు పెట్టింది.

"చూడవే. బాగుందా?"

గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. విమల తల వంచుకుంది. చిలకమ్మ ఆ ముక్కని వెలుగు వైపు పట్టింది, తిప్పింది, మళ్ళీ తిప్పింది. ఆ మనిషి మొహంలో పాత అబద్ధం ఒక్క క్షణం కదిలి పోవడం నేను చూశాను. పెదవి కొరుక్కుంది.

"బాగోలేదు టీచరమ్మా," అంది. "మూడో వరస, ఏడో కుట్టు. జారిపోనాది."

వరహాలమ్మ ఆ ముక్క అందుకుని ఏడో కుట్టు మీద బొటనవేలు పెట్టి చూసుకుంది. తర్వాత ఆ ముఖంలో, నేనెప్పుడూ చూడనంత తేలిగ్గా, ఒక నవ్వు విచ్చుకుంది.

"అయితే జరగవే," అని చిలకమ్మని పక్కకి నెట్టి, అదే బెంచీ మీద ఆనుకుని కూర్చుంది. "నా ఎడం కన్ను పని నువ్వు చెయ్యి. కుడి కంటి పని నేను చూసుకుంటాను. మీరేటి అలాగ చూస్తన్నారు, చేతులాడించండి!"

పదకొండు జతల సూదులు ఒక్కసారిగా టకటకలాడాయి. మూడో వరుస నా మీంచి జరజరా ఊడిపోయింది, ఊలు మళ్ళీ వేలికి చుట్టుకుంది. మాటల్లో పెట్టి నన్ను ఆపకండి తల్లీ. ఈ స్వెట్టరు వెన్ను ఇంకా బోలెడంత అల్లాలి.