సంతకం కింద ఖాజాబీ

నేను ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలును. పేరు వినగానే మొహం చిట్లించకండి, నేనేమిటో నాకే సరిగ్గా తెలియదు. చూడటానికి మా బంధువు హెచ్‌టీఎమ్‌ఎల్ లాగే ఉంటాను. ఇద్దరికీ ఒంటినిండా ట్యాగులే, అంటే ఏ వివరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తులు. అతను వెబ్‌పేజీగా తెర మీద ముస్తాబై కనిపిస్తాడు. నేను వివరాలు మోస్తాను, అంతే. అతని ట్యాగులు ఎవరో ముందే నిర్ణయించి పెట్టారు. నావి నన్ను రాసేవాళ్ల ఇష్టం. ఇంత స్వేచ్ఛ ఇచ్చి మళ్లీ ఇన్ని కట్టుబాట్లు ఎందుకు పెట్టారో నాకు అంతుబట్టదు. తెరిచిన ప్రతి ట్యాగూ మూయాలి. లోపల తెరిచింది ముందు మూయాలి. ఇంగ్లీషు పెద్దక్షరంతో తెరిచి చిన్నక్షరంతో మూస్తే ఒప్పుకోరు. అన్నిటికీ మించి, ఉన్నవాళ్లందరూ ఒకే ఒక్క పెద్ద ట్యాగు కడుపులో ఉండాలి.

నన్ను పుట్టించింది అద్దంకిలో ఒక కుట్టు శిక్షణ కేంద్రం గుమాస్తా రత్నకుమారి. కేంద్రం వెబ్‌పేజీ ఆవిడ చేత్తో చేసిందే కాబట్టి ట్యాగులంటే బెదురు లేదు. పరీక్ష రాసేవాళ్ల జాబితా ఈ ఏడు నా రూపంలో పంపాలని పై ఆఫీసు ఆదేశం. ముప్ఫై ఆరుగురిని నాలో ఓపిగ్గా నింపి, పెద్ద ట్యాగు మూసేసింది. మర్నాడు ఖాజాబీ అనే ఆవిడ దరఖాస్తు పట్టుకొచ్చింది. ఆలస్యంగా వచ్చినవాళ్ల పేరు రిజిస్టరులో జాబితా చివర పెట్టిన సంతకం కింద రాయడం అక్కడ ఇరవై ఏళ్ల ఆనవాయితీ. రత్నకుమారి ఖాజాబీని కూడా అలాగే, మూసిన ట్యాగు కింద చేర్చింది.

ఎక్కడో తేడా అనిపించింది గానీ, అదేమిటో అప్పుడు తెలియలేదు. తెలిసినా చెప్పడానికి నోరేదీ?

ఆవిడ సరిచూసే పద్ధతీ పాతదే. నాకు నకలు తీసి, దానికి హెచ్‌టీఎమ్‌ఎల్ అని పేరు తగిలించి, బ్రౌజరులో తెరిచింది. ఖాజాబీతో సహా అందరి పేర్లూ బారుగా కనిపించాయి. మా బంధువు ఎన్ని తప్పులు చేసినా బ్రౌజరు కడుపులో పెట్టుకుంటుంది. నా దగ్గరికొచ్చేసరికి ఆ దయ ఏ గంగలో కలుస్తుందో!

పంపింది. తిరిగొచ్చాను. ఒక్కరినీ దించుకోకుండా పై ఆఫీసువాళ్లు మొత్తం తిప్పి కొట్టారు. ఆ సాయంత్రం ఐదింటితో గడువు సరి. వచ్చిన ఇంగ్లీషు సందేశంలో మా కేంద్రంవాళ్లకు అర్థమైంది వరుస సంఖ్య ఒక్కటే, అది ఖాజాబీ దగ్గర ఆగింది. ఇంకేముంది, తప్పు ఆవిడదేనన్నారు. పుట్టిన తేదీ చూశారు, ఆధార్ చూశారు, ఇంటిపేరు మూడుసార్లు మళ్లీ టైపు చేశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి నన్నెందుకు పొమ్మంటున్నారో నాకూ తెలియలేదు.

నాలుగున్నరకు ప్రిన్సిపాల్ ఇమ్మానుయేల్ గారు వచ్చారు.

“ఆవిడ ఒక్కరిని తీసేసి పంపండమ్మా. ఒకరి కోసం ముప్ఫై ఆరుగురిని ముంచలేం.”

రత్నకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ పరీక్ష పాసైతేనే దొరికే హాస్టలు కుట్టు టీచరు ఉద్యోగానికి ఖాజాబీ వయసు ఈ ఏడుతో దాటిపోతుంది. పేరు తీసేస్తున్నామన్న మాట మొహం మీద చెప్పాలి కదా అని ఆవిణ్ణి లోపలికి పిలిచింది. నీ వివరాలు ఇక్కడే ఉన్నాయి, పై ఆఫీసువాళ్లే తీసుకోవడం లేదని తెర మీద వేలు పెట్టి చూపించింది.

ఖాజాబీకి ఇంగ్లీషు రాదు. అయినా వంగి, కొత్త జాకెట్టు కుట్టు చూసినట్టు నన్ను కిందికీ పైకీ చూసింది. తన పేరుకు పైన ఒంటరిగా ఉన్న వరుస ఏమిటని అడిగింది. అక్కడితో జాబితా అయిపోయిందని గుర్తు, అంది రత్నకుమారి.

“ముడేసినాక నన్ను కుట్టారేంది మేడం? ముడికి ముందుండాల గదా.”

రత్నకుమారి ఖాజాబీ వరుసల్ని కత్తిరించి, మూసే ట్యాగుకు పైన అతికించింది. పంపింది. ఐదుకు ఏడు నిమిషాలుండగా నన్ను తీసుకున్నారు, ముప్ఫై ఏడుగురితో సహా.

ఇప్పుడు ‘పాతవి’ అన్న ఫోల్డరులో పడి ఉన్నాను. ఖాజాబీ పాసయిందో లేదో తెలియదు. ఫలితాలు మరో ఫైలులో వస్తాయట. ఆ రోజు వెళ్తూ వెళ్తూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది.

“పొద్దున్నుంచీ నాలోనే ఏదో తప్పుందనుకుంటన్నా మేడం.”

నా గురించి నేనూ అదే అనుకున్నాను.