ఫైలులో పట్టని పాఠం

పెళ్లయి మూడు నెలలైంది. బాజీకి ఇంకా ప్రతిదీ ముచ్చటగానే ఉంది. పొద్దున్నే పొయ్యి పక్కన రెండు టీ గ్లాసులు కనిపించడం, కొక్కేనికి తన చొక్కా మీద నస్రత్ దుపట్టా వేలాడటం, తల దువ్వుకుంటూ కూడా ఆమె ఏదో ఒకటి చెబుతూనే ఉండటం. ఆ ఉదయం మాత్రం నస్రత్ నోరు మెదపలేదు. పలచటి ఫైలొకటి ముందు పెట్టుకుని కూర్చుంది. టీ చల్లారిపోయింది.

బాజీ ఫైలును అరచేతిలో తూచి చూశాడు. "ఇంతేనా? మా కోల్డ్ స్టోరేజీలో కరెంటు బిల్లుల ఫైలు దీనికంటే లావుంటది."

"నవ్వకండి. ఉత్తమ అధ్యాపక పురస్కారానికి దరఖాస్తు ఇది. పరిశోధన పత్రాలెన్ని, సదస్సులెన్ని, సర్టిఫికెట్లెన్ని, అన్నిటికీ గళ్లున్నాయి. పాఠం ఎట్లా చెప్తావని అడిగే గడి ఒక్కటీ లేదు."

"రాకపోతే పోయింది లేవోయ్."

"పురస్కారం పోతే పోనీ. కమిటీ మెచ్చకపోతే వచ్చే సెమిస్టర్ నుంచి కల్లంలో తరగతులు ఆపెయ్యమన్నారు మా హెడ్ గారు. అదండీ నా దిగులు."

నస్రత్ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం చెబుతుంది. ఆమె విద్యార్థుల్లో ఎక్కువమంది మిర్చి, పత్తి పండించే ఇళ్ల పిల్లలే. సూత్రాలు బట్టీ పట్టి, పరీక్ష రాసి, హాలు గుమ్మం దాటగానే మరిచిపోయేవారు. అందుకే రెండేళ్లుగా మిర్చి ఎండే రోజుల్లో వాళ్లను కల్లానికి తీసుకుపోతోంది. పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి. మన పిల్లలను చదువుల్లో చేర్చేది పాఠాల కోసం. ఆ పాఠం చెప్పేవారిని మాత్రం పాఠం తప్ప మిగతావన్నీ చూసి తూస్తున్నాం.

"కమిటీని పిలవరాదూ?" అన్నాడు బాజీ. "సరుకు కొనేవాడు కాగితం చూసి కొంటాడా? వచ్చి చూసుకుంటాడు."

నస్రత్ కళ్లు మెరిశాయి. చివరి పేజీలో రాసింది: "నా పని ఈ కాగితాల్లో లేదు. గురువారం ఉదయం తొమ్మిదింటికి వెంకటేశ్వరమ్మ గారి కల్లానికి దయచేయండి."

కమిటీ అధ్యక్షుడు, విశ్రాంత ఆచార్యుడు యలమందయ్య గారు ఒక్కరే వచ్చారు. బాజీ సగం రోజు సెలవు పెట్టి, మజ్జిగ క్యానుతో హాజరయ్యాడు. భార్య పాఠం చెప్పగా చూడటం అతనికి అదే మొదలు.

కల్లం నిండా ఎర్రగా మిర్చి పరిచి ఉంది. ఒక పక్క టార్పాలిన్ పట్టా పందిరి. చుట్టూ విద్యార్థులు.

"మొత్తం లెక్కపెట్టకుండా, ఇందులో తాలుకాయ, అదే రంగు పోయి తెల్లబడిన కాయ, ఎంతుందో తేల్చాలి. సార్, మీరూ ఓ చేట నింపండి," అంది నస్రత్.

యలమందయ్య గారు ఘాటుకు నాలుగు తుమ్ములు తుమ్మి, నెత్తిన రుమాలు వేసుకుని, పందిరి నీడలోనే వంగి చేట నింపారు. నూటికి ముప్ఫై తాలు తేలింది.

విద్యార్థిని శ్రీదివ్య మేడమ్ వైపు చూసింది. మేడమ్ తల ఊపింది.

"ఏమనుకోవద్దు సార్. మీరు నీడలోనే తీశారు. అక్కడ పట్టా మీంచి రాత్రి కురిసిన మంచు నీళ్లై కారుతుంది, తాలు ఎక్కువ. దాంతో కల్లమంతా లెక్కేస్తే తప్పు సార్."

"తప్పా! నా కాయంతా తాలేనని రాసేట్టున్నాడు ఈ పెద్దాయన!" అని కల్లం యజమానురాలు వెంకటేశ్వరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. అందరూ ఘొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది యలమందయ్య గారే.

"మరెట్లా తీయాలమ్మా?"

పిల్లలు తాళ్లు లాగి కల్లాన్ని నలభై గళ్లు చేశారు. టిఫిన్ డబ్బాలో నంబర్ల చీటీలు వేసి కుదిపారు. పది చీటీలు తీశారు. ఏ గడి వస్తే ఆ గడికే, మండే ఎండలోకైనా, నడిచారు. ఆచార్యుల వారూ ప్యాంటు మడిచి వెంట నడిచారు. ఈసారి సగటున నూటికి ఎనిమిది తేలింది.

ఇంట్లో నిమిషం ఊరుకోని నస్రత్, ఇక్కడ అరగంటలో ఒక్క ప్రశ్నే అడిగింది. "ఈ ఎనిమిదిని ఎంతవరకు నమ్మొచ్చు?" ముప్ఫై తలలు నోటు పుస్తకాల మీదకు వంగాయి. బాజీ మజ్జిగ పోయడం మరిచి, గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏందయ్యా, పెళ్లాన్ని ఇప్పుడే చూస్తన్నావా?" అంది వెంకటేశ్వరమ్మ.

"అవునక్కా, ఇప్పుడే చూస్తన్నా," అన్నాడు బాజీ నిజాయితీగా.

యలమందయ్య గారు గోనెసంచి మీద కూర్చుని నెత్తిన రుమాలు తీసి చెమట తుడుచుకున్నారు. ఆ తరువాత మెల్లగా అన్నారు: "ఎండకు జడిసి నేను దగ్గరున్నవి ఏరాను. ఇన్నేళ్లుగా మా కమిటీలూ అదే చేశాయమ్మా. పత్రాలు లెక్కపెట్టడం తేలిక. అందుకని అవే లెక్కపెట్టాం."

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. పురస్కారం నస్రత్‌కు. కల్లం తరగతి ఇక టైంటేబుల్లో భాగం. దరఖాస్తు చేసిన ప్రతివారి తరగతికీ కమిటీ రెండుసార్లయినా వెళ్లాలన్నది కొత్త నియమం. బాజీ ఆ కాగితాన్ని మూడుసార్లు పైకి చదివి, నాలుగోసారి చదవబోతే నస్రత్ నవ్వుతూ లాక్కుంది.

పురస్కార సభలో యలమందయ్య గారు రెండు నిమిషాలే మాట్లాడారు. "పత్రాలు రాసేవారిని గౌరవిద్దాం, తప్పులేదు. కానీ పిల్లల బుర్రలో దీపం వెలిగించేవారు మన మధ్యే ఉన్నారు. వాళ్లను గుర్తించకపోతే, రేపు పాఠం చెప్పడానికి ఎవరు తాపత్రయపడతారు? మంచి గురువును కనుక్కోవడానికి ఒక్కటే దారి. మనం లేచి వెళ్లి, ఆ తరగతిలో పిల్లల పక్కన కూర్చోవాలి."