సరిచూసినది: ప్రేమ్‌రాజ్

గన్‌ఫౌండ్రీలోని ఆ విద్యాశాఖ ఆఫీసులో పదో తరగతి ఫలితాల పట్టిక అంటే పదిహేడేళ్లుగా ప్రేమ్‌రాజ్ చేతిరాతే. ఏ బడిలో ఎందరు పరీక్ష రాశారు, ఎందరు గట్టెక్కారు, ఆ బడికి సర్కారు ఎంత ఖర్చు పెట్టింది, అన్నీ వెడల్పాటి కాగితం మీద స్కేలు పెట్టి గీసి నింపేవాడు. ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. మెదక్‌లో మిషన్ దవాఖాన కాపలాదారైన తండ్రి, ఒక పాత పట్టిక అడిగి తీసుకుపోయి బైబిల్లో మడిచి పెట్టుకున్నాడు.

2001 వేసవిలో కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు అనూహ్య వచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల. అతను నెలంతా కూర్చుని చేసే పని మూడు రోజుల్లో ముగించి, రంగురంగుల గ్రాఫు బొమ్మలు కూడా తీసిచ్చింది.

"చూసిన్రా సార్?" అన్నాడు అటెండర్ వెంకటేశం, చాయ్ గ్లాసు పెడుతూ. "పెద్దసారు గా కాయితాలు టేబులు అద్దం కింద పెట్టుకున్నడు. ఇగ మీ స్కేలు నాకియ్యున్రి, మా బిడ్డ గీతలు గీస్కుంటది."

ప్రేమ్‌రాజ్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. పెద్దసారు ఆమెను 'అనూహ్యమ్మా' అంటాడు. తనను మాత్రం 'ఏమయ్యా, లెక్కలూ' అంటాడు.

మర్నాడు ఆమే అతని బల్ల దగ్గరికి వచ్చింది.

"ప్రేమ్‌రాజ్ గారూ, నాంపల్లిలో ఈ తెలుగు మీడియం బడి చూడండి. జీతాలు పోను, ఒక్కో పిల్లకి అయ్యే ఖర్చు పక్క బళ్లకు రెండింతలు. పాసైంది నలభై శాతం. మూసేసి వేరే బడిలో కలపమని రాయాల్సొస్తోంది. నాకేదో అనుమానంగా ఉందండీ. మీకు తెలుసుగా ఆ బడి?"

తెలియకేం? అక్కడ ఒకే భవనంలో రెండు బళ్లు. పొద్దున ఉర్దూ మీడియం, మధ్యాహ్నం తెలుగు మీడియం. కరెంటు మీటరు, నల్లా, మరమ్మతులు అన్నీ తెలుగు బడి పేరునే. ఏటా ప్రేమ్‌రాజ్ పెన్సిల్‌తో ఆ ఖర్చును రెండుగా పంచి, ఏ బడి వాటా ఆ బడి కింద పట్టికలో ఎక్కించేవాడు. ఆ సంగతి ఏ ఫైల్లోనూ లేదు.

చెబితే మెప్పు మళ్లీ ఆమెకే. చెప్పకపోతే గురువారం మీటింగులో ఎవరో ఒకరు ఆ తప్పు పట్టుకుంటారు, ఆమె పరువు పోతుంది.

"అంతా సరిగ్గనే ఉందమ్మా," అన్నాడు.

గురువారం నాంపల్లిలో, డైరెక్టర్ ఆఫీసులో మీటింగు. ఎవరూ పట్టుకోలేదు. డైరెక్టర్ కలం తెరిచి, "ఈ బడి మూసేసే సంగతి ఖాయమేనా?" అని అడిగాడు.

"ఖాయం సార్," అంది అనూహ్య. "నాకు అనుమానమొస్తే ప్రేమ్‌రాజ్ గారే స్వయంగా చూశారు. జిల్లాలో ఆయనకు తెలియని బడి లేదండీ. రిపోర్టు అట్ట మీద ఆయన పేరు కూడా వేశాను."

ప్రేమ్‌రాజ్ అట్ట చూశాడు. 'సరిచూసినది: పి. ప్రేమ్‌రాజ్, బి.ఎ.' పదిహేడేళ్ల పట్టికల్లో ఎక్కడా లేని పేరు.

"మంచిది, ప్రేమ్‌రాజ్ గారూ," అంటూ డైరెక్టర్ కలం కాగితం మీద పెట్టాడు.

"సార్, జర ఆగున్రి!" ప్రేమ్‌రాజ్ లేచి నిలబడ్డాడు. "గది తప్పు. గాడ రెండు బళ్ల ఖర్చు ఒక్క బడి మీద పడ్డది. నాకు మొన్ననే ఎరుక."

"ఎరుకైతే ఎందుకు చెప్పలేదయ్యా?"

మరిచిపోయాననవచ్చు. అనూహ్య అతని వైపే చూస్తోంది.

"ఈమెను మెచ్చుకుంటుంటే ఓర్వలేక, సార్."

డైరెక్టర్ మూసేసే బళ్ల జాబితాలోంచి ఆ బడి పేరు కొట్టేశాడు.

ఇద్దరూ ఒకే ఆటోలో ఆఫీసుకు బయల్దేరారు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటాక ఆమె అడిగింది.

"ఇలాంటి జంట బళ్లు ఇంకెన్ని ఉన్నాయండీ?"

"పదకొండు."

"రేపు ఒక్కొక్కటీ చెప్పండి, ఎక్కించుకుంటాను. అట్ట మీద మీ పేరు మాత్రం తీసేస్తున్నా."

"తీసెయ్యమ్మా," అన్నాడు ప్రేమ్‌రాజ్. కడుపులో మంట ఇంకా ఆరలేదు. అయినా ఆఫీసు చేరేదాకా ఆగకుండా, మొదటి బడి పేరు అక్కడే చెప్పాడు.