తలుపున్న వైఫై

తలుపు లేని వస్తువు కనబడితే బీరువాల మేస్త్రికి చేతులు ఊరుకోవు. ఇనప రేకుతో బీరువాలు చేసే షెడ్డు ఆయనది. ఆయన చేసిన బీరువాకి తాళం వేస్తే దొంగ కూడా ఒక దండం పెట్టి వెళ్లిపోవాల్సిందేనని చుట్టుపక్కల పేరు. ఆ పేరుతో సరిపెట్టుకున్నాడా? ఇంట్లో గ్యాస్ సిలిండర్‌కి ఒక గూడు, మోటారు స్విచ్చికి ఒక పెట్టె, చెప్పులకి గడియతో సహా ఒక అర. గుమ్మంలో మొక్కకి కూడా ఏదో కొలత తీస్తుంటే భార్య అడ్డంపడి ఆ మొక్కని కాపాడుకుంది.

అలాంటి ఇంటికి వైఫై వచ్చింది. హాల్లో గోడకి తెల్లటి డబ్బా బిగించి, ఏవో దీపాలు వెలిగించి, బిగించిన మనిషి వెళ్లిపోయాడు. మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని కాసేపు చూసి, "దుమ్ము పడుతుంది" అన్నాడు. ఆ మాట వినగానే భార్య నిట్టూర్చింది. ఆదివారానికల్లా వైఫైకి బ్రహ్మాండమైన పెట్టె తయారైపోయింది. మందపాటి రేకు, నూనె పట్టించిన బందులు, బల్లి దూరకుండా రబ్బరు అంచు, వైరు కోసం వెనక చిన్న కంత, తాళం, పైన లేత నీలం రంగు.

"ఎలా ఉంది?" అన్నాడు, పొంగిపోతున్న మొహాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక.

తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "చాలా బాగుంది" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

వైఫై ఉంది కదా, ఇక ఫోన్లలో డేటా బయటికెళ్లినప్పుడే ఖర్చవుతుంది అనే లెక్కతో ముగ్గురి ఫోన్లకీ కలిపి ఆయన ఒక చిన్న ప్లాను తీసుకున్నాడు. నెల సగం కూడా కాకముందే డేటా అడుగంటిందని మెసేజి వచ్చింది. కంపెనీవాళ్ల పొరపాటే అయి ఉంటుందనుకున్నాడు. వాళ్ల మీద ఎగరడానికి గొంతు సవరించుకుంటుంటే, షెడ్డులో బీరువాలకి రంగు కొట్టే పెయింటరు ఫోను లాక్కుని, ఏ నంబరు ఎప్పుడు ఎంత వాడిందో తీసి చూపించాడు.

"ఇదుగో అన్నా, ఇది మన అమ్మాయి నంబరే కదా? పగలు చుక్క కూడా ఖర్చు లేదు. సాయంత్రాలూ ఆదివారాలూ మాత్రం కుండ బద్దలైనట్టు కారిపోతోంది."

"సాయంత్రం అది గడప దాటదురా. ఇంట్లోనే ఉంటుంది."

పెయింటరు బ్రష్షు పక్కన పెట్టాడు. చెప్పకూడని మాట చెప్పేముందు బ్రష్షు పక్కన పెట్టడం అతనికి అలవాటు. "ఇంట్లో వైఫై పెట్టుకుని సొంత డేటా వాడుతోందంటే, ఆ సంగతేదో ఇంట్లో తెలియకూడదనే కదన్నా."

మేస్త్రి ఆ పూట వెల్డింగు పట్టి రెండు తలుపులు వంకరగా అతికాడు. డేటా పోతే పోయింది, దాని బాధ కాదు. కూతురు ఇళ్ల నమూనాలు గీసే ఆఫీసుకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ఆ గీతలు గీయడం మొదట ఈ షెడ్డులోనే, రేకు మీద సుద్దముక్కతో నేర్చుకుంది. స్కూల్లో దెబ్బలు తిన్నా, పరీక్ష తప్పినా, ఒక ఉద్యోగం పోయినా ముందు నాన్నకి చెప్పాకే అమ్మకి చెప్పేది. అలాంటి పిల్ల నాన్న ఇంట్లో ఉన్న గంటలు చూసి మరీ ఏదో దాస్తోందంటే, ఇక తను ఆమెకి ఏమవుతాడు? ఆయనకి నిజంగా భయం వేసింది.

అప్పటినుంచి కళ్లూ చెవులూ అప్పగించి చూడటం మొదలుపెట్టాడు. అనుమానంతో చూసేవాడికి అన్నీ అనుమానంగానే కనిపిస్తాయి కదా! సాయంత్రం మెట్లెక్కి వస్తుంటే లోపల కిలకిలా నవ్వులు. ఆయన దగ్గు వినబడగానే టక్కుమని ఏదో చప్పుడు, ఆపైన నిశ్శబ్దం. లోపలికి వెళితే భార్య బియ్యంలో రాళ్లేరుతూ, కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ. కిటికీ బయట ఎదురింటివాళ్ల గోడ తప్ప ఏమీ లేదు.

భోజనాల దగ్గర ఎంతో నేర్పుగా అడుగుతున్నాననుకుంటూ దర్యాప్తు మొదలుపెట్టాడు.

"అమ్మడూ, ఈమధ్య ఎవరితోనైనా ఎక్కువ మాట్లాడుతున్నావా?"

"మా మేనేజరుతో నాన్నా. ప్రాణం తోడేస్తున్నారు అనుకో."

"అతను మంచివాడేనా?"

"అతను కాదు నాన్నా, ఆవిడ. ఇద్దరు మనవలు."

భార్య మజ్జిగ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు షెడ్డుకి బయల్దేరి, సగం దారిలో జేబు తడుముకుంటే కళ్లజోడు లేదు. అది లేకపోతే ఆయనకి రేకూ ఒకటే రోడ్డూ ఒకటే. తిట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. తలుపు ఓరగా వేసి ఉంది. దగ్గడం మర్చిపోయి నెట్టాడు.

వైఫై పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది. తాళంచెవి దానికే వేలాడుతోంది. కూతురు బల్ల ముందు ఏదో నమూనా తిప్పి తిప్పి చూస్తూ కూనిరాగం తీస్తోంది. భార్య ఫోనుని గ్లాసుకి ఆనించి, అందులో ఎవరి మాటలకో పడీపడీ నవ్వుతూ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తన ఇల్లు పగటిపూట ఇంత కళగా ఉంటుందని ఆయనకి తెలియనే తెలియదు.

ముందుగా భార్య ఆయన్ని చూసింది. చిక్కుడుకాయలు గాల్లోకి ఎగిరాయి, ఆవిడ ఒక్క అంగలో వెళ్లి పెట్టె తలుపు మూసేసింది. టక్కుమంది. రోజూ మెట్ల మీద తను విన్న చప్పుడు అదేనని ఆయనకి అర్థమైంది.

"దుమ్ము దులుపుతున్నానండీ" అంది భార్య.

"అమ్మా, ఇక వద్దులే" అంది కూతురు. "నాన్నా, కోప్పడకు. ఇది మూస్తే వైఫై సరిగ్గా బయటికి రాదు. అంత మందం రేకు దాటి అదెలా వస్తుంది చెప్పు?"

"ఎందుకు రాదు? సాయంత్రం తలుపు మూసే ఉంటుంది, నేను వీడియోలు చూడటంలేదూ? ఒక్కసారైనా ఆగిందా?"

"ఆగదు. ఇలా చూడు." బల్ల మీదున్న కళ్లజోడు ఆయన చేతికిచ్చి, తన ఫోను మొహం ముందు పెట్టింది. "వైఫై ఉన్నట్టే చూపిస్తుంది. కానీ అది నీరసంగా ఉందని కనిపెట్టి, మనకి ఒక్కముక్క చెప్పకుండా ఫోను తన సొంత డేటా తోడుకుంటుంది. పని ఆగకూడదని. డేటా అడుగంటిందని నాకూ మెసేజి వస్తే వెతికాను, ఆ సెట్టింగ్ ఉందని నిన్నే తెలిసింది. నువ్వు ఇంట్లో లేనప్పుడు మేం తలుపు తీసుకుంటాం కాబట్టి పగలు ఖర్చు లేదు. నువ్వు వచ్చేసరికి మూసేస్తాం, కారడం మొదలు. కావాలంటే అందరికన్నా ఎక్కువ ఎవరు వాడారో చూడు."

చూశాడు. కూతురి నంబరుకి పైన, రెండింతలు పొడవున్న గీతతో, తన నంబరే ఉంది. పెయింటరు అక్కడిదాకా వేలు జరపలేదు, తనూ జరపమనలేదు.

ముందు ఆయనకి గుండెల మీదనుంచి బీరువా దించినట్టయింది. పిల్ల దగ్గర ఏ రహస్యమూ లేదు. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. రహస్యం ఉంది. ఇంట్లో ఇద్దరికీ తెలుసు, తనకొక్కడికే తెలియదు.

"మొదటిరోజే చెప్పొచ్చు కదమ్మా. నేను కోప్పడతాననా?"

"నువ్వు కోప్పడితే బాగానే ఉండును నాన్నా. నువ్వు కోప్పడవు. మొహం చిన్నబుచ్చుకుని, చేసినదాన్ని భుజాన వేసుకుని షెడ్డుకి వెళ్లిపోతావు. అది చూడలేం" అంది కూతురు. "ఆ ఫోనుదీ మాదీ ఒకటే పద్ధతి. పని జరిగేట్టు చూసుకుంటాం, పైకి చెప్పం."

నవ్వించడానికే అంది. ఆయనా నవ్వబోయాడు, కానీ కళ్లు చెమర్చాయి. తను వస్తున్న చప్పుడుకి ఈ ఇంట్లో ఏవేవి మూసేసుకుంటున్నారో అనిపించింది. పెట్టె తలుపు తీసి, బందుల మేకులు ఊడబీకి, తలుపుని నేలమీద పెట్టాడు. భుజాన వేసుకోలేదు.

"ఇంకా ఏం చెప్పలేదు నాకు?"

తల్లీకూతుళ్లు మళ్లీ ఒకరినొకరు చూసుకున్నారు.

"చెప్పండి. మొహం ఇలాగే పెట్టుకుంటాను, చూడండి" అంటూ బలవంతాన పళ్లన్నీ బయటపెట్టాడు. కూతురికి నవ్వాగలేదు.

"ఏమీ లేదండీ" అంది భార్య, ఇనప కుర్చీలో కూలబడి చిక్కుడుకాయలు దగ్గరికి చేర్చుకుంటూ. మళ్లీ తనే, ఆయన వంక చూడకుండా, "అంటే, ఈ కుర్చీ ఉంది చూశారూ..." అంది.

అది పెళ్లయిన కొత్తలో ఆవిడ కోసమని ఆయన చేసిన కుర్చీ. నిన్న చేసినట్టు చెక్కుచెదరకుండా ఉంది. ఆయన దాని చేతులు చూశాడు, వీపు చూశాడు, అతుకులు చూశాడు. ఏ లోపమూ కనబడలేదు. అప్పుడు కిందికి చూశాడు. ఆవిడ పాదాలు నేలకి అందడం లేదు.

"ఇన్నాళ్లూ..." అన్నాడు.

"అప్పుడు కొలత మీది తీసుకున్నారు. సంబరంగా ఉన్నారు కదా అని ఊరుకున్నాను."

మేస్త్రి నేలమీద చతికిలబడి, ఆవిడ మడమ కింద జాన పెట్టి కొలవబోయాడు.

"అబ్బ, చక్కిలిగిలండీ, వదలండి" అంటూ ఆవిడ కాళ్లు పైకి లాక్కుంది.

"కదలకు" అన్నాడాయన. "ఈసారి నీ కొలతే."