కొలిమి వెనక ఉప్పు మట్టి

గొర్రెలకు ఉప్పు మట్టి ఎక్కడుందో పసిగట్టడంలో నర్సింగమ్మను మించినవాళ్ళు ఆత్మకూర్ చుట్టుపక్కల లేరు. చిటికెడు నాలుక మీద వేసుకుని, ఉప్పగా ఉంటే అక్కడికి మందను తోలేది. పంతొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో బాబా మియా కొలిమి వెనక ఆమెకు గొప్ప జాగా దొరికింది. బాబా మియా పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి, కృష్ణలో చేపలు పట్టేవాళ్ళ వలలకు గుండ్లు పోసేవాడు. బ్యాటరీ నీళ్ళు ఒలికిన ఆ నేల ఉప్పగా, చివర్న కాస్త తియ్యగా ఉంది. నర్సింగమ్మ సంబరానికి పట్టపగ్గాల్లేవు. వారం రోజులు గొర్రెలు ఎగబడి నాకాయి. కోడలు సైదమ్మకు అయిదో నెల, మట్టి మీద మనసు పోతోందంటే వారం తిరిగిన పొద్దున రెండు గడ్డలు తెచ్చి ఇచ్చింది కూడా.

ఆ మధ్యాహ్నమే దొడ్డికి వెళ్ళేసరికి మంద తీరు మారిపోయింది. రెండు గొర్రెపిల్లలు పళ్ళు నూరుతూ గిరగిరా తిరుగుతున్నాయి. పొట్టేలు కళ్ళు తెరుచుకునే వెళ్ళి ముళ్ళకంపకు గుద్దుకుంది. దిష్టి తగిలిందని మొగుడు బీరన్న గొణిగాడు. కానీ వారంగా దొడ్లోనే కట్టేసిన కుంటి గొర్రె మాత్రం హాయిగా తుమ్మకాయలు నములుతోంది. అదొక్కటే కొలిమి దిక్కు పోలేదు.

"దిష్టి కాదు, మట్టి," అంది నర్సింగమ్మ. చేతికర్ర పారేసి ఇంటికి పరుగు లంకించుకుంది.

ఆ వయసులో అంత పరుగు తనలో ఉందని ఆమెకే తెలియదు. సైదమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. అత్త ఆమె గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూసింది.

"తిన్నవా?"

"లేదత్తా. కాల్చుకొని తిందామని పొయ్యిల పెట్టిన."

నర్సింగమ్మ గడ్డలు రెండూ బూడిదలోంచి లాగి, కోడలిని వాటేసుకుని నవ్వింది, ఏడ్చింది. అంతలో సైదమ్మ మెల్లగా అడిగింది.

"గా మట్టిలనే గద, బాబా మియా మనుమరాలు ఆడుకునేది?"

నర్సింగమ్మ మళ్ళీ వీధిలోకి పరుగెత్తింది. కొలిమి వెనక మూడేళ్ళ పిల్ల కూర్చుని వేళ్ళు చీకుతోంది. ఆమె ఒక్క ఉదుటున ఎత్తుకుని, పమిట చెంగుతో ఆ నోరు తుడిచి, గొర్రెల సంగతంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. బాబా మియా చేతిలోని పట్టకారు జారింది.

"నెల దినాల సంది కడుపు పట్టుకొని ఏడుస్తాంది, అక్కా. దిష్టని తాయెత్తు కట్టినం."

"బండి కట్టు. దవాఖానకు పోదాం."

ఎద్దులు కదిలాక నర్సింగమ్మ కొంగు తడిమి చూసుకుంది. డాక్టరుకు చూపించాలని కొలిమి వెనక ఏరి కట్టుకున్న మట్టిగడ్డ అందులో భద్రంగా ఉంది. పిల్ల దాని కోసం చెయ్యి చాపి ఏడుస్తోంది.