ఆదివారం కూర

ఆసుపత్రి క్యాంటీన్లో వంటవాడికి చెవుడు. పిలిస్తే పలకడు, తిడితే కోపం రాదు. అందుకే అతనంటే అందరికీ ఇష్టం. చెవి ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరుగారు రోజూ అతని చేతివంటే తినేవాడు. ఒకనాడు ఆయనే చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "చిన్న ఆపరేషనయ్యా. ఒక చెవి బాగుపడితే చాలు, నీ పని సుఖం. నేనున్నాగా, ఏం భయం లేదు." ఇన్నాళ్లూ తన చేతి అన్నం తిన్న మనిషి మాట, నమ్మక ఏం చేస్తాడు?

వినబడింది. అబద్ధమెందుకు, డాక్టరుగారు ఆ మాట నిలబెట్టుకున్నాడు. కానీ అప్పటినుంచీ ఏది నోట్లో పెట్టినా ఇనుప చువ్వ నాకినట్టే ఉంది. కూర ఉప్పు కషాయమని జనం గొణుక్కోవడం మాత్రం శుభ్రంగా వినబడుతోంది.

అదీ ఓర్చుకునేవాడే. ఓర్చుకోలేనిది ఆదివారం. పోయిన భార్య వండే టమాటా కూరని ప్రతి ఆదివారం అచ్చం ఆవిడలాగే వండుకుని, ఒక్కడే కూర్చుని తినేవాడు. మొదటి ముద్దకే ఆవిడ ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుండేది. ఇప్పుడు రావడం లేదు.

కొన్ని నెలలు చూసి, డాక్టరుగారి గదికి వెళ్లాడు.

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా బాబూ?"

డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తెలుసు. నాలుకకి వెళ్లే సన్నటి నరం ఒకటి చెవిలోంచే పోతుంది. ఎప్పుడో ఎవరికో దెబ్బ తగులుతుంది. చెబితే బెదిరిపోయి మానేస్తావని చెప్పలేదు."

"వంటవాణ్ణి కదా బాబూ నేను."

"నీ ఉద్యోగం సంగతి నేను మాట్లాడతాలే. తీసెయ్యరు."

"ఉద్యోగం కాదండీ. చెప్పుంటే నిజంగానే మానేసేవాణ్ణి. చెవుడున్నా మా ఆవిడ ఉండేది."

"ఆవిడ పోయి చాన్నాళ్లయిందన్నావుగా?"

అడగాల్సిన రోజు అడగనివాడికి ఇప్పుడు చెప్పి ఏం లాభం? వంటవాడు దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ఆదివారం మళ్లీ వండాడు. తాలింపు చిటపటలు వినబడ్డాయి, పక్కవాటాలో ఎవరో నవ్వుకోవడమూ వినబడింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇనుమే. కాసేపాలోచించి, బాగుపడ్డ చెవిని ఎంగిలి చేత్తోనే గట్టిగా మూసుకుని, ఇంకోసారి నమిలి చూశాడు.